జూపిటర్స్ లెగసీ చదివినవాళ్లు ఒక మాట చెప్పండి

మార్క్ మిల్లర్ రాసి ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలేసిన సూపర్‌హీరోల కామిక్ జూపిటర్స్ లెగసీ (2013) మొదటి భాగం నిన్న రాత్రి పూర్తి చేశాను, బ్రాండన్ తన తండ్రి షెల్డన్‌నే చంపే చోట పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చున్నా. (చదవనివాళ్లు సారీ, చెప్పేశాను.) ఆదివారం మా నలుగురం దీనిమీద మాట్లాడుకోవాలి. మావాళ్లంతా షెల్డన్ సోదరుడు వాల్టర్ ఎక్కించబట్టే ఇలా అయిందంటున్నారు. నాకేమో కొడుకు ఏం చేసినా నీతులు చెప్పే షెల్డన్‌దే సగం తప్పనిపిస్తోంది. మీరేమంటారు? బ్రాండన్ తోబుట్టువు క్లోయీ కొడుకు జేసన్ ఆస్ట్రేలియాలో శక్తులు దాచుకుని మామూలు పిల్లాడిలా బడికెళ్లడం మాత్రం భలే నచ్చింది. ఇంకోటి, పెద్దాళ్ల పాత కథ జూపిటర్స్ సర్కిల్ ముందు చదవాలా, లేక నేరుగా రెండో భాగానికి వెళ్లొచ్చా?