పాత గిటార్ యాంప్లిఫైయర్ కొనేముందు ఏమేమి పరీక్షించాలి? మూడింటిలో ఏది మేలు?

ప్రశ్న (విజయవాడ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా అకౌస్టిక్ గిటార్ వాయిస్తున్న నేను ఇటీవల ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. కొత్త యాంప్లిఫైయర్ కొనే స్తోమత ప్రస్తుతం లేనందున రూ. 15,000 లోపు పాతది తీసుకోవాలని ఉంది. మూడు అవకాశాలు కనిపిస్తున్నాయి. చదువు ముగించుకొని వెళ్లిపోతున్న ఒక ఇంజినీరింగ్ విద్యార్థి తన మార్షల్ ఎంజీ15కు రూ. 6,000 అడుగుతున్నాడు. గుంటూరు సమీపంలోని ఒక చర్చివారు తాము వాడి పక్కన పెట్టిన పీవీ బాండిట్ 112ను వంద వాట్లదని చెప్పి రూ. 14,000కు ఇస్తామంటున్నారు. డల్లాస్‌లో ఉండే మా పిన్నిగారబ్బాయి, వేసవిలో వచ్చేటప్పుడు తన ఫెండర్ బ్లూస్ జూనియర్‌ను తెచ్చి ఊరికే ఇస్తానంటున్నాడు. నేను ఉండేది అపార్ట్‌మెంట్‌లో. అప్పుడప్పుడు మిత్రులతో కలిసి చిన్న హాలులో, డ్రమ్స్ ఉండగా వాయించవలసి వస్తుంది. వీటిలో దేనికి డబ్బు పెట్టవచ్చో, కొనేముందు ఏమి చూడాలో పెద్దలు తెలియజేయగలరు.

సమాధానం (హైదరాబాద్ నుంచి)

మీ మూడు అవకాశాలూ మూడు వేర్వేరు రకాలకు చెందినవి కనుక ఒక్కొక్కదాన్ని విడిగా చూడవలసి ఉంటుంది. అంతకంటే ముందు ఒక మాట చెప్పాలి. పాత యాంప్లిఫైయర్ విషయంలో అమ్మేవాడు చెప్పిన ధర అసలు ధర కాదు. ఆ ధరకు మరమ్మతు ఖర్చును కలిపి, అది పాడైతే మీ ఊళ్లో బాగుచేసేవారు ఉన్నారా అని కూడా ఆలోచించినప్పుడే అది చవకో కాదో తేలుతుంది.

వాట్ల సంగతి ముందుగా తేల్చుకుందాం, ఎందుకంటే మన దగ్గర బేరాలన్నీ దాని చుట్టే తిరుగుతాయి. శక్తి రెట్టింపయితే ధ్వని తీవ్రత పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలు గట్టిగా వినిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల శక్తి కావాలి. కనుక 80 వాట్లకూ 100 వాట్లకూ ఉన్న తేడా చెవికి దాదాపు తెలియదు. బాండిట్ 112లో ట్రాన్స్‌ట్యూబ్ (ట్యూబుల ధ్వనిని అనుకరించే సర్క్యూట్) ఉన్న రకం తన సొంత 8 ఓమ్‌ల స్పీకరుతో ఇచ్చేది 80 వాట్లే. బయట మరొక స్పీకరును కలిపి మొత్తం 4 ఓమ్‌లు చేసినప్పుడే అది 100 వాట్లవుతుంది. చర్చివారు అబద్ధం చెప్పారని నేను అనను, వెనుక పలక మీద ఉన్న పెద్ద సంఖ్యనే చదివి ఉంటారు. స్పీకరు పరిమాణానికీ సున్నితత్వానికీ ఉన్న ప్రాధాన్యం వాట్లకు లేదు. ఒకే శక్తితో 97 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరును తీసి 100 డెసిబెల్స్ ఇచ్చేదాన్ని బిగిస్తే, యాంప్లిఫైయర్ శక్తిని రెట్టింపు చేసినంత ఫలితం వస్తుంది.

ఈ లెక్కన ఎంజీ15 మీ హాలుకు చాలదు. 15 వాట్లు తక్కువ కావడం ఒక కారణమైతే, అందులో ఉన్నది 8 అంగుళాల స్పీకరు కావడం అంతకంటే పెద్ద కారణం. డ్రమ్స్ మోగుతుండగా దాని ధ్వని పలచబడి, వాల్యూమ్ పెంచేకొద్దీ నలిగిపోతుంది. ఇంట్లో సాధనకు మాత్రం అది చక్కనిది, హెడ్‌ఫోన్ జాక్ కూడా ఉంది కనుక రాత్రివేళ పొరుగువారికి ఇబ్బంది ఉండదు. అయితే అలాంటివి ప్రతి ఏటా మే, జూన్ నెలల్లో కళాశాలలు ముగిసే వేళ విరివిగా అమ్మకానికి వస్తాయి. తొందరపడవలసిన పని లేదు, చెప్పిన ధర ఇవ్వవలసిన అవసరమూ లేదు.

నా మొగ్గు బాండిట్ వైపు ఉంది. ఇది ట్యూబులు (పాతకాలపు గాజు వాక్యూమ్ గొట్టాలు) లేకుండా ట్రాన్సిస్టర్లతో పనిచేసే సాలిడ్ స్టేట్ యాంప్లిఫైయర్. 12 అంగుళాల స్పీకరు, దృఢమైన పెట్టె, విడిభాగాలు విడదీసి బాగుచేయడానికి వీలైన సర్క్యూట్ దీని బలాలు. ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు, రెసిస్టర్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో దొరుకుతాయి. టీవీలు, పీఏ (సభల్లో వాడే మైకు సెట్టు) యాంప్లిఫైయర్లు బాగుచేసే అనుభవజ్ఞుడైన మెకానిక్ ఎవరైనా దీనిని సరిచేయగలడు. అనేక శబ్దాలను డిజిటల్‌గా అనుకరించే కొత్త తరం యాంప్లిఫైయర్లకు ఈ సౌలభ్యం తక్కువ. వాటిలో ప్రధాన బోర్డు పోతే చాలాసార్లు బోర్డునే మార్చవలసి వస్తుంది, పాతబడిన మోడల్‌కు ఆ బోర్డు దొరక్కపోవచ్చు. అలాగని అవి వద్దని కాదు. 2016లో వచ్చిన బాస్ కటానా 50 మంచి స్థితిలో మీ ధరకు దగ్గరలో దొరికితే తప్పక వెళ్లి చూడండి. దాని శక్తిని అర వాటుకు తగ్గించుకునే మీట ఉంది, అపార్ట్‌మెంట్‌కు అది వరం. పాత రోలాండ్ క్యూబ్‌లు కూడా గట్టివే.

చర్చిలో వాడిన వస్తువు గనుక ఒక్క విషయం మాత్రం నిర్మొహమాటంగా అడగండి: దానికి కీబోర్డు కలిపి వాయించారా? మన చర్చిలలో, చిన్న ఆర్కెస్ట్రాలలో ఇది సాధారణం. గిటార్ స్పీకర్లు సుమారు 80 హెర్ట్జ్ నుంచి 5,000 హెర్ట్జ్ వరకు పలికేందుకు తయారైనవి. కీబోర్డులోని లోతైన బేస్ స్వరాలను పెద్ద వాల్యూమ్‌తో పంపితే స్పీకరు శంకువు (ముందు కదిలే కాగితపు భాగం) తన హద్దు దాటి కదిలి, లోపలి తీగచుట్ట దెబ్బతింటుంది. పైకి చూస్తే ఏమీ కనబడదు. విద్యుత్తు తీసివేసి, వీలైతే వెనుక వైపు నుంచి, రెండు చేతుల వేళ్లతో శంకువును అన్ని వైపులా సమంగా, మెల్లగా నొక్కి వదలండి. నిశ్శబ్దంగా కదిలితే మంచిదే. ఇసుక రాసుకున్నట్టు గరగర వినిపిస్తే తీగచుట్ట అయస్కాంతానికి రాసుకుంటున్నట్టు అర్థం, ఆ స్పీకరును మార్చవలసిందే. ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగండి. మల్టీమీటర్ ఉంటే ఒక తీగ ఊడదీసి స్పీకరు నిరోధం కూడా కొలవండి: 8 ఓమ్‌ల స్పీకరు మీటరు మీద 6 నుంచి 7 ఓమ్‌ల మధ్య చూపడం సహజం, దానిని లోపంగా భావించకండి.

మీ గిటారును, మీ కేబుల్‌ను మీరే తీసుకువెళ్లండి, అమ్మేవారి కేబుల్‌ను నమ్మకండి. అరగంటకు తగ్గకుండా వాయించండి, ఎందుకంటే కొన్ని లోపాలు లోపలి భాగాలు వేడెక్కిన తరువాతే బయటపడతాయి.

అనుబంధ ప్రశ్న (విజయవాడ నుంచి)

మీరు ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞుణ్ణి. ఆదివారం ఆరాధన ముగిశాక వెళ్లి బాండిట్‌ను చూసి వచ్చాను. కీబోర్డు కలిపేవారమని వారు దాచకుండా చెప్పారు, కానీ శంకువు నిశ్శబ్దంగానే కదిలింది. నాబ్‌లను తిప్పినప్పుడు కరకరమంటోంది. కొంతసేపు వాయించాక ధ్వని ఉన్నట్టుండి సగానికి పడిపోయి, మళ్లీ దానంతటదే వచ్చింది. గిటారు కలిపినప్పుడు గుయ్యిమనే మోత ఉంది. పెట్టె కింది అంచు కొద్దిగా ఉబ్బి, స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. దీనిని వదులుకోవడమే మంచిదా?

సమాధానం (యాంప్లిఫైయర్ల మరమ్మతు చేసే సభ్యుడు, విశాఖపట్నం)

ఇప్పుడే వదులుకోవద్దు. మీరు చెప్పినవాటిలో ఎక్కువ భాగం భయపడవలసినవి కావు. ఏది చిన్నదో ఏది పెద్దదో వేరు చేసుకోవాలి.

కరకర శబ్దం నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లలో చేరిన దుమ్ము వల్ల వస్తుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్‌ను లోపలికి చల్లి ఆ నాబ్‌ను పలుమార్లు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే సాధారణంగా పోతుంది. తలుపుల బందులకు, సైకిలు గొలుసులకు కొట్టే నూనె స్ప్రేలను మాత్రం వాడకండి, అవి మరింత దుమ్మును పట్టి ఉంచుతాయి.

ధ్వని సగానికి పడిపోవడం గురించి నేను కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క లక్షణం చూసి మంచి యాంప్లిఫైయర్లను చవకగా వదిలించుకున్నవారిని ఎందరినో చూశాను. బాండిట్ వెనుక ఎఫెక్ట్స్ లూప్ (ధ్వనిని మార్చే పెడల్స్‌ను మధ్యలో కలిపే దారి) కోసం సెండ్, రిటర్న్ అని రెండు జాక్‌లు ఉంటాయి. వాటికి ఏమీ కలపనప్పుడు, రిటర్న్ జాక్‌లోని చిన్న లోహపు రేకు మూసుకొని ధ్వని సంకేతాన్ని ముందుకు పంపుతుంది. ఏళ్ల తరబడి అక్కడ ఏదీ గుచ్చకపోతే ఆ రేకు మీద పొర పేరుకుంటుంది; కోస్తాలోని ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అప్పుడు సంకేతం ఒకసారి అంది, ఒకసారి అందక ధ్వని పడిపోతూ ఉంటుంది. పరీక్ష చాలా సులువు: పొట్టి గిటార్ కేబుల్ ఒకటి తీసుకొని ఒక కొసను సెండ్‌లోనూ మరొక కొసను రిటర్న్‌లోనూ గుచ్చండి. ధ్వని నిండుగా వచ్చి నిలకడగా ఉంటే లోపం ఆ రేకులోనే ఉంది. క్లీనర్ చల్లి పదిసార్లు జాక్‌ను గుచ్చి తీస్తే సరిపోవచ్చు, కాకపోతే కొత్త జాక్‌కు టంకం వేయించుకోవాలి. కేబుల్ గుచ్చినా ధ్వని పడిపోతూనే ఉంటే లోపం లోపలి బోర్డులో ఉన్నట్టు, అప్పుడు మెకానిక్ చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

మోత ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఇలాగే తేల్చుకోవాలి. గిటార్ కేబుల్‌ను యాంప్లిఫైయర్ నుంచి పూర్తిగా తీసివేయండి. మోత పోతే తప్పు యాంప్లిఫైయర్‌ది కాదు. మీ గిటారుకు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కంపనాన్ని పట్టే ఒంటి చుట్ట పరికరాలు) ఉంటే అవి ఇంటి కరెంటు నుంచి, ట్యూబ్‌లైట్ల నుంచి మోతను పట్టుకుంటాయి. గిటారు పట్టుకొని మీరు పక్కకు తిరిగితే మోత తగ్గుతుంది, హెచ్చుతుంది. కేబుల్ తీసి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా మోత అలాగే ఉంటే విద్యుత్తును చదును చేసే పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోయాయని అనుమానించాలి. అప్పుడు వినిపించేది 50 హెర్ట్జ్‌కు రెట్టింపయిన 100 హెర్ట్జ్ మోత. పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన యాంప్లిఫైయర్‌కు ఇది వయసుతో వచ్చే సహజమైన అరుగుదలే. కెపాసిటర్లు మార్పిస్తే నయమవుతుంది.

పెట్టె ఉబ్బడం ఒక్కటే నాకు నచ్చలేదు. నేల తడి తగిలే చోట పెట్టి ఉంటారు. అడుగు పలకను గోరుతో నొక్కి చూడండి. పొడిపొడిగా రాలితే బోల్టులు పట్టు కోల్పోతాయి. గట్టిగానే ఉంటే దానిని కేవలం రూపు లోపంగా తీసుకోవచ్చు. చాసిస్ (సర్క్యూట్‌ను బిగించిన లోహపు చట్రం) అంచుల దగ్గర తుప్పు లోపలికి పాకిందేమో టార్చి వేసి చూడండి, వెనుక సందులో ఎలుకలు తీగలు కొరికిన ఆనవాళ్లు ఉన్నాయేమో కూడా చూడండి.

మరొక ముఖ్యమైన సంగతి: ప్లగ్‌కు మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను ఉందో లేదో చూడండి. మోత తగ్గుతుందని కొందరు దానిని విరగ్గొడతారు, లేదా రెండు పిన్నుల అడాప్టర్ తగిలిస్తారు. గిటారు తీగలు యాంప్లిఫైయర్ చాసిస్‌కు కలిసి ఉంటాయి. లోపల ఏదైనా తీగ ఊడి చాసిస్‌కు తగిలితే 230 వోల్టులు మీ వేళ్ల దాకా వస్తాయి. ఆ పిన్ను లేకుండా ఎవరైనా వాయించి చూపిస్తే, మీరు మాత్రం తాకవద్దు. పవర్ కార్డ్ మార్పించడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఇన్ని లోపాలున్నా, జాక్ పరీక్షలో నెగ్గితే నేనైతే రూ. 9,000 నుంచి మొదలుపెట్టి రూ. 10,000 లేదా 11,000 దగ్గర ఆగుతాను. మిగిలినది కెపాసిటర్లకు, జాక్‌లకు, కార్డుకు పక్కన పెట్టుకోండి.

సమాధానం (డల్లాస్ నుంచి)

పిన్నిగారబ్బాయి ఇస్తానన్న బ్లూస్ జూనియర్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను. అది 15 వాట్ల ట్యూబ్ యాంప్లిఫైయర్. రెండు ఈఎల్84, మూడు 12ఏఎక్స్7 ట్యూబులతో, 12 అంగుళాల స్పీకరుతో వస్తుంది. 15 వాట్లే అయినా ట్యూబ్ యాంప్లిఫైయర్‌కు, 12 అంగుళాల స్పీకరుకు మీ చిన్న హాలు పెద్ద భారం కాదు. కానీ ఇక్కడ అమ్మేవి 120 వోల్టులకు తయారైనవి. దానిని నేరుగా మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే ఫ్యూజ్‌తో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోయే ప్రమాదం ఉంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. యాంప్లిఫైయర్ వెనుక పలక మీద విద్యుత్ వినియోగం ఎన్ని వాట్లని రాసి ఉందో చూసి, కనీసం దానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నదానినే కొనండి. 15 వాట్లని చూసి చిన్నది కొంటే అది కాలిపోతుంది, ఎందుకంటే ట్యూబుల వేడితో కలిపి అది లాగే విద్యుత్తు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుందే గాని అమెరికా కరెంటుకు ఉండే 60 హెర్ట్జ్‌ను ఇవ్వజాలదు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే రూపొందిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద కొంత ఎక్కువ వేడెక్కుతుంది. గాలి ఆడేలా ఉంచి, వేడిని గమనిస్తూ వాడాలి.

బరువు సుమారు 14 కిలోలు. 23 కిలోల పెట్టెలో పడుతుంది. ట్యూబులు తీసి బట్టల్లో చుట్టి తెమ్మని చెప్పండి, ఏ ట్యూబు ఏ స్థానంలోదో ముందే గుర్తు పెట్టించండి. వచ్చిన తరువాత స్పీకరు తీగ కలిసి ఉందో లేదో చూడకుండా స్విచ్ వేయవద్దు. స్పీకరు లేకుండా ట్యూబ్ యాంప్లిఫైయర్‌ను నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినవచ్చు. ఏ కారణంతోనైనా చాసిస్‌ను మాత్రం మీరు విప్పవద్దు, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

ఊరికే వస్తున్నదైనా దీనికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, కొన్నేళ్లకొకసారి ట్యూబులు, అప్పుడప్పుడు మెకానిక్ అవసరమవుతారు. ఇప్పుడు మీకు అప్పుడప్పుడు హాలులో వాయించే యాంప్లిఫైయర్ కావాలి గనుక బాండిట్‌నే తీసుకోండి. పిన్నిగారబ్బాయికి మాత్రం వద్దని చెప్పకండి; తెచ్చేముందు వెనుక పలకను ఫొటో తీసి పంపమనండి, వోల్టేజీ, ఫ్యూజ్ విలువలు చూసి ఏ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలో ఇక్కడే చెబుతాము.