తల్లిదండ్రుల ప్రశ్నావళికి ఆల్ఫా 0.41 వచ్చింది, ఐటమ్స్ తీసేయొచ్చా?

ప్రశ్న (ఎం.ఎడ్. విద్యార్థిని)

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. నాది ఎం.ఎడ్. రెండో సంవత్సరం. పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్ర మీద డిసర్టేషన్ చేస్తున్నాను. ప్రకాశం జిల్లాలో ఒక మండలం తీసుకున్నాను. అక్కడ 8 ప్రభుత్వ హైస్కూళ్ళున్నాయి. 8, 9 తరగతులు కలిపి దాదాపు 1,000 మంది పిల్లలు. ప్రశ్నావళిలో 24 వాక్యాలు. ఒక్కోదానికి పూర్తిగా అంగీకరిస్తాను దగ్గర్నుంచి అస్సలు అంగీకరించను దాకా ఐదు ఆప్షన్లు. ఇంగ్లీషు స్కేలు ఒకటి తీసుకుని నేనే తెలుగు చేశాను. పైలట్‌గా, అంటే ముందుగా పరీక్షించి చూడటానికి, 60 ఫారాలు ఇస్తే 58 తిరిగి వచ్చాయి. ఎస్.పి.ఎస్.ఎస్. సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే క్రాన్‌బాక్ ఆల్ఫా (వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) 0.41.

0.7 రాకుండా ముందుకు వెళ్ళొద్దని మా గైడ్ సార్ అన్నారు. బాగాలేని ఐటమ్స్ (వాక్యాలు) ఒక్కొక్కటీ తీసేస్తూ పొమ్మని ఒక సీనియర్ చెప్పారు. అలా 9 తీస్తే 0.69 దాకా వస్తోంది. ఇలా చేయొచ్చా? మార్చిలో సబ్మిషన్. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (పీహెచ్.డి. స్కాలర్)

తీసే ముందు ఒకటి చూడండి. నెగెటివ్ వాక్యాలు ఉన్నాయా? ఉంటే రివర్స్ కోడింగ్ చేశారా? వచ్చిన మార్కును 6లోంచి తీసేయాలి. అంటే 5 పెట్టిన చోట 1, 4 పెట్టిన చోట 2. అది మర్చిపోతే ఆ వాక్యాలు మిగతావాటికి ఎదురు తిరిగి ఆల్ఫా పడిపోతుంది. ఎస్.పి.ఎస్.ఎస్.లో ట్రాన్స్‌ఫామ్ మెనూలో రీకోడ్ ఉంటుంది. జామోవి అనే సాఫ్ట్‌వేర్ అయితే ఉచితం, రివర్స్ చేయాల్సిన ఐటమ్స్‌ను రిలయబిలిటీ విండోలోనే చూపించొచ్చు.

అడిగినవారు

సార్, 7 నెగెటివ్ వాక్యాలున్నాయి. రివర్స్ చేయలేదు! ఇప్పుడు చేస్తే 0.58 వచ్చింది. చాలా థ్యాంక్స్. మిగతాది ఐటమ్స్ తీసి సర్దుకోనా?

జవాబు (రిటైర్డ్ డైట్ లెక్చరర్; డైట్ అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ)

వద్దమ్మా, ఆగండి. 58 మంది జవాబుల మీద ఆధారపడి తొమ్మిది వాక్యాలు తీసేస్తే, ఆ 58 మందికి మాత్రమే సరిపోయే స్కేలు తయారవుతుంది. ఇంకో 60 మందికి ఇచ్చి చూడండి, ఆల్ఫా మళ్ళీ కిందికి వస్తుంది. పైగా మీరు తీసేసే వాక్యాల్లో ముఖ్యమైన విషయమే పోవచ్చు. వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో ఆల్ఫా చెబుతుంది. అవి మీరు అనుకున్నదాన్నే కొలుస్తున్నాయా అన్నది ఆల్ఫా చెప్పదు. ఒకే మాటను పది రకాలుగా అడిగితే 0.9 కూడా వస్తుంది, దానివల్ల ఏ ఉపయోగమూ ఉండదు.

నాకు 0.41 కంటే మీరు రాసిన ఇంకో అంకె దగ్గర అనుమానం వచ్చింది. 60 ఇస్తే 58 వచ్చాయన్నారు. ఊళ్ళో తల్లిదండ్రుల నుంచి ఫారాలు అంత చక్కగా తిరిగి రావడం నేను చూడలేదు. ఎలా పంచారు? ఆ కట్ట ఒకసారి బయటికి తీసి చేతిరాత చూడండి.

అడిగినవారు

క్లాస్ టీచర్ల ద్వారా పిల్లలకు ఇచ్చి పంపాను సార్. మర్నాడే తెచ్చేశారు.

ఇప్పుడే అన్నీ పరిచి చూశాను. చాలా ఫారాల్లో టిక్కులన్నీ ఒకేలాంటి నీలం జెల్ పెన్నుతో ఉన్నాయి. కింద సంతకం మాత్రం వేరే పెన్ను, వంకర అక్షరాలు. నాలుగింటి మీద వేలిముద్రలు. ఒకదాంట్లో అమ్మ పేరు దగ్గర పిల్ల ముందు తన పేరే రాసి కొట్టేసింది. సార్, ఇవి తల్లిదండ్రులు నింపినవి కావు.

జవాబు (రిటైర్డ్ డైట్ లెక్చరర్)

బాధపడకండి. ఇది పైలట్‌లోనే తెలిసింది, పైలట్ చేసేది అందుకే. పిల్లల తప్పూ లేదు. అమ్మకు చదవడం రాదు, మర్నాడు ఫారం ఇవ్వకపోతే టీచర్ అడుగుతారు, పాపం వాళ్ళేం చేస్తారు?

లికర్ట్ అనే మనస్తత్వవేత్త ఈ రకం ఐదు ఆప్షన్ల స్కేలును 1932లో ప్రతిపాదించినప్పుడు జవాబులిచ్చినవాళ్ళు ప్రధానంగా కాలేజీ విద్యార్థులు. కాగితం తీసుకుని, చదువుకుని, ఐదు మెట్లలో తన అభిప్రాయం ఏ మెట్టు మీద ఉందో ఆలోచించి టిక్కు పెట్టడం వాళ్ళకు అలవాటు. మిరప కోతకు వెళ్ళి వచ్చిన తల్లికి అది కొత్త. అందుకని ఫారం పంపకండి, మీరే వెళ్ళి చదివి వినిపించండి. పల్లెల్లో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వే 2005 నుంచీ చేస్తున్నది ఇదే. పిల్లల్ని బడిలో కాకుండా ఊళ్ళో ఇళ్ళకు వెళ్ళి కలుస్తారు, ఒక్కో పిల్లవాడి పక్కన కూర్చుని చదివిస్తారు. బడికి రాని పిల్లలు, ప్రైవేటు బడి పిల్లలు కూడా లెక్కలోకి వచ్చేది అందుకే.

ఇక ఆ వాక్యాలు. నాలుగైదు ఇక్కడ పెట్టండి.

అడిగినవారు

3. నా బిడ్డ విద్యాపరమైన ప్రగతిని నేను క్రమం తప్పకుండా పర్యవేక్షిస్తాను.
8. నేను హోంవర్కులో సహాయం చేస్తాను, ఉపాధ్యాయులను కలుస్తాను.
11. పిల్లల చదువు బాధ్యత బడిది మాత్రమే కాదు.
19. బిడ్డకు పుస్తకాలు చదివి వినిపిస్తాను.

జవాబు (హైస్కూల్ తెలుగు పండిట్)

మేడమ్, 3వ వాక్యాన్ని మా బళ్ళో ఏ తల్లికైనా వినిపించండి, "ఏందమ్మా అది?" అని అడుగుతుంది. "పోయిన వారంలో పిల్ల నోటుబుక్కు ఎన్ని రోజులు తీసి చూశారు?" అనండి. రోజులు చెబుతుంది. 8లో రెండు ప్రశ్నలున్నాయి, విడదీయండి. 11 ఇంకా చిక్కు. "కాదు" అన్న వాక్యానికి "అంగీకరించను" అని టిక్కు పెడితే ఆ మనిషి ఏమన్నట్టు? నాకే రెండుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. తెలుగులో క్రియ చివర వచ్చి, అక్కడే "కాదు, లేదు, ను" చేరుతాయి కాబట్టి ఈ తికమక మరీ ఎక్కువ. నెగెటివ్ వాక్యం తప్పనిసరైతే "లేదు, కాదు" లేకుండా రాయండి. "చదువు చెప్పడం పూర్తిగా టీచర్ల పని" అన్నామనుకోండి, అది నెగెటివ్‌గానే పని చేస్తుంది, అర్థమూ అవుతుంది.

తెలుగు చేసిన తర్వాత, ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి పోల్చుకోండి.

జవాబు (రిటైర్డ్ డైట్ లెక్చరర్)

పండిట్ గారి మాట అక్షరాలా నిజం. 19 గురించి నేను చెప్పాల్సింది ఒకటుంది. చదవడం రాని తల్లికి అక్కడ అన్నిటికంటే తక్కువ మార్కు పడుతుంది. అదే తల్లి తెల్లవారుజామున ఐదింటికి పిల్లను లేపి టీ పెట్టి ఇస్తుంది, పరీక్షలప్పుడు బిందె తానే మోస్తుంది, పొరుగింటి డిగ్రీ అమ్మాయి దగ్గరకు లెక్కలకు పంపుతుంది. మీ స్కేల్లో వీటికి చోటు లేదు. అప్పుడు మీ డిసర్టేషన్ చివర్లో "నిరక్షరాస్యులైన తల్లిదండ్రులకు ఆసక్తి తక్కువ" అని తేలుతుంది. అది ఆ తల్లులకు చేసే అన్యాయం. ముందు ఓ పది మంది తల్లులతో ఊరికే మాట్లాడండి. "పిల్ల చదువుకోసం మీరేం చేస్తారమ్మా?" అని అడిగి, వాళ్ళు చెప్పినవాటి నుంచి వాక్యాలు తయారు చేయండి.

ఇంకొకటి, సంతకాలు, వేలిముద్రలు వద్దు. ప్రభుత్వ కాగితం మీద ముద్ర వేయమంటే భయపడి మంచిగానే చెబుతారు. నోటితో ఒప్పుకుంటే చాలు, ఒప్పుకున్నారని మీరు రాసుకోండి.

అడిగినవారు

తప్పకుండా సార్. ఆఖరి సందేహం. మొత్తం ఎంతమంది ఉంటే ఎంతమందిని అడగాలో చెప్పే క్రెజ్సీ, మోర్గాన్ టేబుల్ ప్రకారం 1,000 మందికి శాంపిల్ 278. మాకు దగ్గర్లో ఉన్న రెండు స్కూళ్ళ నుంచి 140 చొప్పున 280 అనుకున్నాను. ఇళ్ళకు వెళ్ళాలంటే అంతమంది నా ఒక్కదానివల్ల అవుతుందా?

జవాబు (పీహెచ్.డి. స్కాలర్)

1970 నాటి ఆ టేబుల్ అందరిలోంచి లాటరీ తీసినట్టు ఎంచుకుంటేనే వర్తిస్తుంది. ఒకే బడి తల్లిదండ్రులు ఒకరినొకరు పోలి ఉంటారు. ఆ పోలిక (అసలు లేకపోతే 0, అందరూ ఒకేలా ఉంటే 1) 0.1 అనుకుని లెక్క వేద్దాం. ఒక్కో బడి నుంచి తీసుకున్న సంఖ్యలో 1 తగ్గించి, 0.1తో హెచ్చించి, 1 కలపండి. మొత్తం శాంపిల్‌ను దాంతో భాగించండి. మీ 280కి 14.9 వస్తుంది. భాగిస్తే దాదాపు 19, అంటే లాటరీ తీసి ఎంచుకున్న 19 మందితో సమానం. అదే 8 బడుల్లో 15 మంది చొప్పున 120 తీసుకుంటే 2.4 వస్తుంది. భాగిస్తే 50. సగం కన్నా తక్కువ ఇళ్ళు తిరిగి, రెండున్నర రెట్ల సమాచారం. టేబుల్ సంఖ్య ఎందుకు వాడలేదో ఈ లెక్కతో సహా డిసర్టేషన్‌లో రాయండి, వైవాలో అడిగినా చెప్పుకోవచ్చు.

ఎవరిని ఎంచుకోవాలో టీచర్లను అడగొద్దు, బాగా చదివే పిల్లల ఇళ్ళే చూపిస్తారు. హాజరు పట్టీ తీసుకుని ప్రతి ఎనిమిదో పేరు గుర్తు పెట్టుకోండి.

జవాబు (హైస్కూల్ తెలుగు పండిట్)

మేడమ్, ఇది మిరప కోతల సీజన్. మీ వైపు నుంచి చాలా కుటుంబాలు గుంటూరు వైపు పోయి ఉంటాయి. తాళం వేసి ఉంటే పక్కింటికి మారిపోకండి. వలస పోయినవాళ్ళే మీ సర్వేలో లేకుండా పోతారు. అమ్మమ్మ దగ్గర ఫోన్ నంబరు తీసుకుని రాత్రి పూట మాట్లాడండి. ఎంతమంది దొరకలేదో కూడా లెక్క రాయండి.

అడిగినవారు

గైడ్ సార్‌తో మాట్లాడాను. ఫారాల కట్ట చూపించాక ఒప్పుకున్నారు. సబ్మిషన్‌కు గడువు అడుగుదామన్నారు. నిన్న సాయంత్రం ముగ్గురు తల్లులతో మాట్లాడాను. ఒకామె, "నాకేం తెల్సమ్మా చదువు సంగతి" అంటూనే, పిల్ల చదువుకునేటప్పుడు టీవీ పెట్టనని, పెట్టమన్న మామగారితో గొడవ కూడా పడ్డానని చెప్పింది. అదే నా మొదటి వాక్యంగా రాసుకున్నాను: "పిల్ల చదువుకునేటప్పుడు ఇంట్లో టీవీ ఆపేస్తాం." ఆదివారం ఇంకో ఏడు ఇళ్ళకు వెళ్తున్నాను.