తిరుపతిలో పొద్దున్నే ఆటల ముచ్చట్లు: ఇద్దరం మైక్ ముందు వాదులాడుకుంటే వింటారా?

అలిపిరి అబ్బాయి

అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాలి. ఇక్కడ ఒక కాలేజీ వాళ్ల కమ్యూనిటీ రేడియోలో పొద్దున ఆరున్నర నుంచి అరగంట ఇస్తామంటున్నారు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. డబ్బులేం ఉండవు, టీ ఇస్తారట. ఆటల మీద మాట్లాడుకునే ప్రోగ్రాం, నేనూ నా ఫ్రెండూ కలిసి. పాటలు వద్దనుకున్నాం, పాటలు వెయ్యడానికి వేరే స్టేషన్లు బోలెడున్నాయి.

నేను లెక్కల మనిషిని, స్కోర్‌కార్డు మొత్తం చూడకుండా నోరు తెరవను. వాడు మ్యాచ్ చూసేటప్పుడు కుర్చీలో కూర్చోడు. నాది హైదరాబాద్ టీమ్, వాడిది చెన్నై (వాళ్ల అమ్మగారిది తమిళనాడు సరిహద్దులోని నగరి, ఇంక చెప్పేదేముంది). టీ కొట్టు దగ్గర మేం మొదలుపెడితే చుట్టూ జనం నిలబడి వింటారు, ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాం. ఫోన్‌లో ట్రయల్ రికార్డింగ్ చేశాం, అందులో ఒక ముక్క ఇది:

నేను: 2024లో మనోళ్లు బెంగళూరు వెళ్లి 3 వికెట్లకి 287 కొట్టారు, అప్పటికి ఐపీఎల్‌లో అదే రికార్డు.

వాడు: కొట్టారు సామీ, ఎవరు కాదన్నారు? ఫైనల్‌కి మా చెన్నై చెపాక్ గ్రౌండ్‌కి వచ్చి 113కి ఆలౌట్ అయ్యారు. ఆ 287లో కొంచెం దాచుకుని ఉండాల్సింది.

ఇక్కడిదాకా బాగుంది. దీని తర్వాత ఇద్దరం ఒకేసారి మాట్లాడాం, మా చెల్లెలు విని "ఎవరు ఏమంటున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదన్నా" అనేసింది. ఈ గొడవ తగ్గించుకోవాలా, లేక అదే అందమా? మ్యాచ్‌లో కామెంటరీ ముక్కలు వేసుకోవచ్చా? క్రికెట్ ఒక్కటే చాలా?

మైక్ వెనక మనిషి

కొన్నేళ్లు ఎఫ్ఎంలో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. ముందు కామెంటరీ ముక్కల సంగతి: వద్దు. ప్రసార హక్కులు కొన్నవాళ్లు ఉంటారు, పది సెకన్లే కదా అని వేశారంటే మీకు స్లాట్ ఇచ్చినవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. స్కోరు, ఎవరు గెలిచారు, ఎలా గెలిచారు, ఇవన్నీ మీ నోటితో మీరు ఎంతైనా చెప్పుకోండి. 2011లో వచ్చిన ప్రైవేట్ ఎఫ్ఎం పాలసీలో ఆటల సమాచారాన్ని వార్తల కింద లెక్కపెట్టలేదు, లైవ్ కామెంటరీ మాత్రం స్థానిక పోటీలకే ఒప్పుకున్నారు. కమ్యూనిటీ రేడియోలోనూ సొంతంగా వార్తలు చదవడం కుదరదు, ఆకాశవాణి వార్తలే ఇవ్వాలి. అందుకని క్రికెట్ బోర్డు రాజకీయాలు, ఎలక్షన్లు, ఎవరికి టికెట్ వచ్చింది లాంటి వాటిలోకి జారకుండా స్టేషన్ మేనేజర్‌తో ముందే ఒక మాట అనుకోండి.

ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం గురించి. పక్కపక్కన కూర్చుని ఉంటారు, అవునా? ఎదురెదురుగా కూర్చోండి. హెడ్‌ఫోన్స్ ఇద్దరూ పెట్టుకోవాలి, మన గొంతు ఎదుటివాడి గొంతు మీద ఎక్కినప్పుడు ఎంత చిరాగ్గా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. మాట కావాలంటే వేలెత్తాలి, మాట్లాడేవాడు ఆ వాక్యం ముగించి వదిలెయ్యాలి. టీ కొట్టు దగ్గర మీ మొహాలు, చేతులు కనపడతాయి కాబట్టి గోల కూడా ముద్దుగానే ఉంటుంది, రేడియోలో అవేవీ లేవు.

ఇంకోటి, లెక్కల మనిషికి. ఒక మాటకి ఒకే నంబర్. "18.3 ఓవర్లలో 113, స్ట్రైక్ రేట్ ఇంత, ఎకానమీ అంత" అని వరసగా చదివితే బండి తోలేవాడి చెవిలో ఏదీ నిలబడదు. టైమ్ చూడటం, స్టేషన్ పేరు చెప్పడం, ఫోన్ కాల్ తీసుకోవడం ఒక్కరి చేతిలోనే ఉండాలి. అందరూ నెమ్మదస్తుడికి ఇస్తారు, నన్నడిగితే మీ ఫ్రెండుకి ఇవ్వండి. బాధ్యత పెడితే అరిచేవాడు కాస్త అదుపులో ఉంటాడు, నువ్వు తీరిగ్గా పుల్లలు పెట్టొచ్చు.

న్యూజెర్సీ చిత్తూరోడు

ఇక్కడ ఇదొక పెద్ద పరిశ్రమ తమ్ముడూ. న్యూయార్క్‌లో డబ్ల్యూఎఫ్ఏఎన్ అనే స్టేషన్ 1987 నుంచి ఆటల మాటలే పెట్టుకుని బతుకుతోంది. అందులో 1989 నుంచి 2008 దాకా ఫ్రాన్సెసా, రూసో అని ఇద్దరు సాయంత్రాలు ఏలారు. ఒకాయన అన్నీ తనకే తెలుసన్నట్టు నిదానంగా తీర్పులు చెప్తాడు, రెండో ఆయన కీచుగొంతుతో ఆవేశపడిపోతాడు. పొద్దున పూటైతే ఈఎస్‌పీఎన్ రేడియోలో 2000 నుంచి 2017 దాకా మైక్ గ్రీన్‌బర్గ్, మైక్ గోలిక్. ఆఫీసుకి వెళ్తూ కార్లో చాలాకాలం విన్నాను.

నేను గమనించింది ఏంటంటే, గోలిక్ ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడినవాడు, భారీ మనిషి, ఎదుటి జట్టుని అడ్డుకునే డిఫెన్సివ్ లైన్. గ్రీన్‌బర్గ్ జర్నలిస్టు, ఆ స్థాయిలో ఆడినవాడు కాదు. ఇద్దరూ ఒకే మ్యాచ్ చూస్తారు. ఒకడు "దెబ్బ తగిలినా ఎందుకు ఆడాడు" అని బయటి నుంచి అడుగుతాడు, రెండోవాడు "డ్రెస్సింగ్ రూంలో ఆ టైమ్‌కి మనసు ఎలా ఉంటుందంటే" అని లోపలి నుంచి చెప్తాడు. అరుపులు తక్కువే. మీది చూస్తే హైదరాబాద్ వర్సెస్ చెన్నై. అది ఐపీఎల్ రెండు నెలలకి బ్రహ్మాండంగా ఉంటుంది, జూన్ వస్తే ఏం చేస్తారు? టీమ్ తేడా మీద ప్రోగ్రాం నడవదు, చూపులో తేడా మీద నడుస్తుంది. మీవాడు ఎప్పుడైనా ఏదైనా ఆడాడా, కనీసం యూనివర్సిటీ గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్ టోర్నీలైనా? ఆడి ఉంటే మీ ప్రోగ్రాం అక్కడుంది.

పలమనేరు వ్యాను

రోజూ తెల్లారకముందే టమాటా లోడుతో తిరుపతి వస్తా. కమ్యూనిటీ రేడియో అంటే పది పదిహేను కిలోమీటర్లే కదా అన్నా, నాకు చంద్రగిరి దగ్గరికొస్తే గానీ అందదు, అప్పటికి మీరు సగం ముగించేసి ఉంటారు. యూట్యూబ్‌లో కూడా ఆడియో పెట్టండి, మార్కెట్లో దించేటప్పుడు వింటా.

అన్నట్టు హైదరాబాద్, చెన్నై, ఇంతేనా? పలమనేరు, కుప్పం వైపు వచ్చి చూడండి, బెంగళూరు జెర్సీలే. పద్దెనిమిదో సీజన్‌కి కప్పు వచ్చింది మాకు, 2025 జూన్ 3న, అహ్మదాబాద్‌లో, పంజాబ్ మీద 6 పరుగులతో. మర్నాడు బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. జూన్ 5 పొద్దున ఆరున్నరకి మీరు మైక్ ముందు ఉండుంటే, ఆ 287 జోకు వేసిన అన్న ఏం మాట్లాడేవాడు? మావాళ్లలో ఆ సంబరాలకి వెళ్లొచ్చినోళ్లు ఉండారు. అట్లాంటి రోజు కూడా వస్తుంది రేడియోలో కూర్చుంటే.

పీఈటీ అక్క

క్రికెట్ ఒక్కటే చాలా అని అడిగావు కదా, చాలదు. క్రికెట్ అన్నా మగవాళ్ల ఐపీఎల్ ఒక్కటే కాదు. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో ప్రపంచ కప్ గెలిచారు. ఆ జట్టులో ఎడమచేతి స్పిన్ వేసిన శ్రీ చరణి మన పక్కనున్న కడప జిల్లా పిల్ల, టోర్నీలో 14 వికెట్లు. ఆ మర్నాడు మా స్కూల్లో బౌలింగ్ నేర్పమని నా దగ్గరికొచ్చిన ఆడపిల్లల్లో అంతకుముందు బంతి పట్టనివాళ్లే ఎక్కువ. మీ ట్రయల్ రికార్డింగ్‌లో ఈ మాట ఒక్కసారైనా వచ్చిందా?

ఆరున్నర అంటే ఇళ్లలో క్యారియర్లు కట్టే టైమ్, వంటింట్లో రేడియో ఉంటే వినేది ఆడవాళ్లే. వాళ్లు వింటారన్న సంగతి గుర్తుపెట్టుకుని మాట్లాడండి. ఇంకో సంగతి, మండల స్థాయి, జిల్లా స్థాయి స్కూల్ గేమ్స్ జరుగుతుంటాయి, ఖోఖో, కబడ్డీ, వాలీబాల్. ఎవరు గెలిచారో పేపర్లో జిల్లా పేజీలో చిన్న ముక్క వస్తే గొప్ప. మీరు ఏ పీఈటీకి ఫోన్ చేసినా పిల్లల పేర్లతో సహా చెప్తారు. తన పేరు రేడియోలో వస్తుందంటే ఆ పిల్లే కాదు, వీధి వీధంతా వింటుంది. పైన అన్న చెప్పినట్టు స్థానిక పోటీకి లైవ్ కామెంటరీ కూడా ఒప్పుకుంటే, కబడ్డీ ఫైనల్ ఒకటి చేసి చూడండి. ముప్పై సెకన్ల రైడ్‌కి మీ ఫ్రెండు లాంటి గొంతే కావాలి.

అలిపిరి అబ్బాయి

అందరికీ థాంక్స్. న్యూజెర్సీ అన్నా, వాడు ఇంటర్ కాలేజ్ కబడ్డీ ఆడాడు, మోకాలు పోయి ఆపేశాడు. ఇన్నాళ్లూ మేం దాని గురించి మాట్లాడుకున్నదే లేదు, ఎంతసేపూ ధోనీయే. అక్కా, ట్రయల్‌లో శ్రీ చరణి పేరు రాలేదు, నిజమే. పలమనేరు తమ్ముడు అడిగినదానికి నా దగ్గర ఇప్పుడు జవాబు లేదు, వాణ్నే అడుగుతా.

నగరి మేనల్లుడు

నేనే ఆ ఫ్రెండుని, వీడు లింక్ పంపితే వచ్చా. వ్యాను తమ్ముడూ, ఆ పొద్దున జోకులుండేవి కాదు. గేటు దగ్గర ఏం జరిగిందో తెలిసినంతవరకు చెప్పి, వెళ్లొచ్చినవాళ్లని ఫోన్‌లో మాట్లాడమనేవాణ్ని, నోరు మూసుకుని వినడం నాకూ వచ్చు. ఇక టైమ్ చూసే పని నాకిస్తే ఏడింటికి ముగియాల్సింది ఎనిమిదైనా ముగియదు, అది స్టేషన్ వాళ్లు ఆలోచించుకోవాలి. అక్కా, మీ మండలం కబడ్డీ పోటీలు ఎప్పుడో మెసేజ్ పెట్టండి. కామెంటరీ నేను చెప్తా, పాయింట్లు వీడు రాసుకుంటాడు.