అప్‌డేట్: వంటగట్టు మీద నీడ సమస్య తీరింది

బెంగళూరు మారతహళ్లిలో మా పాత ఫ్లాట్ రెనొవేషన్ గురించి రెండు నెలల క్రితం ఇక్కడే అడిగాను. సాయంత్రం అమ్మ కూరగాయలు తరుగుతుంటే సరిగ్గా గట్టు మీద తరిగే చోటే నీడ పడుతోంది, సీలింగ్ లైటు పెద్దది వేయించాలా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. పని మొన్న పూర్తయింది.

ముందు 20 వాట్ల లైటు తీసేసి 36 వాట్లది పెట్టించాను. గది వెలిగింది, నీడ మాత్రం కదల్లేదు. ఎలక్ట్రీషియన్ అమ్మని గట్టు దగ్గర నిలబెట్టి చూపించారు: లైటు ఆవిడ వీపు వెనక ఉంది, ఎన్ని వాట్లు పెట్టినా తల నీడ గట్టు మీదే పడుతుంది. మీలో ఒకరు చెప్పినట్టు పై కప్‌బోర్డుల కింద ఎల్‌ఈడీ స్ట్రిప్ (చిన్న చిన్న బల్బులు వరసగా ఉండే లైటు) వేయిస్తేనే పోయింది.

అదీ మొదటిసారికి కుదరలేదు. గోడ వైపు అంటించారు. తరిగే చోటికి వెలుగు చాలలేదు, పైగా నల్ల గ్రానైట్‌లో చుక్కలు చుక్కలుగా మెరిసి కళ్లకు గుచ్చుకునేది. కప్‌బోర్డు ముందు అంచుకి జరిపి, పాలతెలుపు కవరున్న అల్యూమినియం పట్టీలో పెట్టాక ప్రాణం హాయిగా ఉంది. వెలుగు రంగు 4000 కెల్విన్, అంటే తెలుపు. పసుపుగా ఉండే 3000లో పోపు ఎంత వేగిందో తెలియట్లేదని అమ్మ ఒప్పుకోలేదు, హాల్లోకి మాత్రం అదే తీసుకున్నాం.

గోడలకి తెల్ల రంగు, ఫ్రిజ్ జరపడం, ఈ రెండూ నీడకి ఏ మాత్రం పనిచేయలేదు. స్ట్రిప్ వేయించాలనుకుంటే టైల్స్ అతికించకముందే వైరు బయటికి తీయించుకోండి. మాకు ఒక టైల్ పగలగొట్టాల్సి వచ్చింది.