నగరపాలక సంస్థలో ప్రజారోగ్య నర్సింగ్ బాధ్యత: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా నగరంలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఏఎన్‌ఎంల పర్యవేక్షణ నాకు అప్పగించారు. సుమారు 10,000 జనాభాకు ఒక ఏఎన్‌ఎం ఉండాలన్నది జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ నియమమే అయినా, వలస కూలీల పిల్లలకు టీకాలు తప్పిపోతున్నాయి. ముందుగా ఏం చేయాలి?

జవాబు 1: మేడమ్, నివేదికల కంటే ముందు పరిధుల పటం చూడండి. నిర్మాణ స్థలాల పక్కన వేసుకున్న గుడిసెలు చాలాసార్లు ఏ ఏఎన్‌ఎం పరిధిలోనూ ఉండవు కాబట్టి, ఆశా కార్యకర్తతో కలిసి నడిచి ఇంటింటి జాబితా కొత్తగా రాయించండి.

జవాబు 2: పై సలహాతో ఏకీభవిస్తున్నాను. పగటిపూట తల్లిదండ్రులు పనిలో ఉంటారు కనుక అక్కడ సాయంత్రం శిబిరం పెట్టించండి. మీజిల్స్-రుబెల్లా టీకా పొడిని ద్రావకంతో కలిపాక 4 గంటలే పనికొస్తుంది, సీసాలో మిగిలిన డోసులు వృథా అవుతాయి; అయినా, ఒక్క బిడ్డే వచ్చిందని సీసా తెరవకుండా తల్లిని తిప్పి పంపడాన్ని ఎంతమాత్రం అంగీకరించకండి.

జవాబు 3: ఆ సాయంత్రపు పనికి బదులుగా ఏఎన్‌ఎంలకు మర్నాడు ఉదయం విశ్రాంతినిస్తూ ఉత్తర్వు కూడా ఇప్పించండి.