‘మతం వేరైతేను యేమోయి’ సరే, ‘మనసు వొకటై’ సంగతేంటి?

గురజాడ ‘దేశభక్తి’ గీతం మీద నిన్న ఒకరు అడిగిన ప్రశ్నకు కామెంట్‌లో జవాబు రాస్తుంటే పెద్దదైపోయింది. అందుకే విడిగా పెడుతున్నాను. ఆయన అడిగింది ఈ రెండు పాదాల గురించి:

మతం వేరైతేను యేమోయి?
మనసు వొకటై మనుషులుంటే

మతం వేరుగా ఉండనిచ్చి, మనసు మాత్రం అందరిదీ ఒకటే కావాలంటే అదీ ఒక బలవంతమే కదా అన్నది ఆయన సందేహం. ఇవాళ ప్రజాస్వామ్య దేశాలన్నిటిలోనూ నలుగుతున్న సందేహమిది.

ముందు ‘వేరైతేను’ చూద్దాం. ‘వేరైతే మాత్రం ఏమైంది’ అని అర్థం. పక్కన నడుస్తున్నవాడి భుజం మీద చెయ్యి వేసి అనే మాట. ‘వేరు’ మన ఇళ్లలో బాగా బరువున్న మాట కూడా. అన్నదమ్ములు వేరుపడ్డారు అంటాం. పొయ్యిలు వేరవుతాయి, పొలం గట్లు వేరవుతాయి. అయినా పెళ్లిపత్రికలో పేర్లు కలిసే ఉంటాయి, చావుకి మైల ఇద్దరికీ పడుతుంది. ఇదే గీతంలో పై చరణంలో గురజాడ ‘అన్నదమ్ముల వలెను జాతులు మతములన్నీ మెలగవలెనోయి’ అన్నారు. కలిసిపోవలె అనలేదు, మెలగవలె అన్నారు. ఒక్కడే ఉన్నచోట మెలగడం ఉండదు. ఎదుట ఇంకొకరు ఉంటేనే, వాళ్లు మనలాంటివాళ్లు కాకపోతేనే ఎలా మెలగాలన్న ప్రశ్న వస్తుంది. ‘మనసు వొకటై’ని ఈ క్రియతో కలిపి చదవాలని నా వాదన. నమ్మకాలు ఒకటి కావాలని కాదు, ఒకరితో ఒకరం ఎలా మెలగాలన్న దాంట్లో మనసు కలవాలని.

ఇంకో సాక్ష్యం గురజాడలోనే ఉంది. దాదాపు అదే కాలంలో, 1910 ప్రాంతంలో రాసిన ‘ముత్యాల సరములు’లో ఆయన ‘మతములన్నియు మాసిపోవును, జ్ఞానమొక్కటి నిలిచి వెలుగును’ అన్నారు. ఒకే కవి, రెండు వేర్వేరు ఆశలు. ‘ముత్యాల సరములు’లో మతాలే ఉండవు. ‘దేశభక్తి’లో మతాలు ఉంటాయి, ఉన్నా ఫర్వాలేదు. చాలామంది మొదటిదాన్ని గొప్ప మాటగా, రెండోదాన్ని పిల్లలకు చెప్పే సర్దుబాటు మాటగా చూస్తారు. నాకు ఆ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. మాసిపోతాయన్నది ఒక కల. వేరైతేను యేమోయి అన్నది మాత్రం రేపు పొద్దున్నే ఆఫీసులో, బడిలో, కోర్టులో పనికొచ్చే మాట.

అమెరికన్ తత్త్వవేత్త జాన్ రాల్స్ 1993లో ‘పొలిటికల్ లిబరలిజం’ రాసింది ఈ తేడా మీదే. మనుషుల్ని స్వేచ్ఛగా ఆలోచించనిస్తే వాళ్లు రకరకాల నమ్మకాలకు చేరతారు, అది స్వేచ్ఛకు సహజంగా కాసే కాయ అంటాడు. అందరూ ఒకే జీవిత సిద్ధాంతం మీద నిలిచి ఉండాలంటే రాజ్యం లాఠీ పట్టుకోక తప్పదంటాడు. ఆ సిద్ధాంతం మతమైనా అంతే, మతం లేని హేతువాదమైనా అంతే. మరి కలిసి ఉండేది దేని మీద? ఒకరు ఖురాన్ నుంచి, ఒకరు గీత నుంచి, ఒకరు ఏ దేవుడూ అక్కర్లేని తర్కం నుంచి బయల్దేరి, అందరికీ సమాన హక్కులు అన్నచోట కలుస్తారు. దీన్నే ‘ఓవర్‌ల్యాపింగ్ కన్సెన్సస్’ అన్నాడు. బలం చాలక ఊరుకోవడం వేరు, న్యాయమని ఒప్పుకోవడం వేరు అని కూడా గట్టిగా చెప్పాడు. ‘మనసు వొకటై’కి ఇంతకంటే దగ్గరి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

ఒక కేసు చెబుతాను. 1985లో కేరళలో ఒక బడి ముగ్గురు తోబుట్టువులను తీసేసింది. వాళ్లు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు. జనగణమన పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు, కానీ పాడటం తమ మతానికి విరుద్ధమని నమ్మి పాడేవారు కాదు. హైకోర్టు వాళ్ల మొర వినలేదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు పిల్లల్ని బడిలో చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదన్నారు. ఆ నమ్మకం మన బుద్ధికి నచ్చిందా లేదా అన్నది ప్రశ్న కాదు, వాళ్లు దాన్ని నిజాయితీగా నమ్ముతున్నారా అన్నదే ప్రశ్న అన్నారు. మన సంప్రదాయం, మన తత్త్వం, మన రాజ్యాంగం మూడూ సహనం వైపే ఉన్నాయి, దాన్ని పలచన చేయొద్దు అని ముగించారు. ‘జ్ఞానమొక్కటి’ని కొలబద్దగా పెట్టుకుని ఉంటే ఆ పిల్లలు ఓడిపోయేవారు.

అమెరికాలో అదే మతం పిల్లలు జెండాకు వందనం చేయమన్నప్పుడు, 1940లో సుప్రీంకోర్టు జాతీయ ఐక్యత పేరుతో వాళ్లను ఓడించి, 1943లో తన తీర్పును తానే మార్చుకుంది. బలవంతంగా అభిప్రాయాలు ఒకటి చేస్తే మిగిలేది శ్మశానంలోని ఏకాభిప్రాయమే అని అప్పుడు జస్టిస్ జాక్సన్ రాశారు.

ఫ్రాన్స్ వేరే దారి పట్టింది. 2004 చట్టంతో ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలను విద్యార్థులు ధరించకుండా ఆపింది. బడిలోనైనా పిల్లలు ఇంటి ఒత్తిడికి దూరంగా ఉండాలన్న వాళ్ల వాదనలో పస లేదనను. కానీ తలపాగా చుట్టుకున్న సిక్కు కుర్రాడికి అది ‘వేరైతే బయటే ఉండవోయి’ అన్నట్టే వినిపిస్తుంది.

‘యేమోయి’ అన్నామని అన్నిటికీ తలుపులు తీసినట్టు కాదు. కన్యాశుల్కం ఆచారమే కదా అని గురజాడ ఊరుకోలేదు, నాటకమే రాశారు. ఆడపిల్లను అమ్మడం ‘వేరు’ కిందకు రాదు, ఇంకొకరి బతుకు మీద చెయ్యి వేయడం అది. మన రాజ్యాంగం 25వ అధికరణం కూడా మతస్వేచ్ఛ ఇస్తూనే ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ప్రాథమిక హక్కుల భాగంలోని ఇతర నిబంధనలకు లోబడి అంటుంది. గీత ఎక్కడ గీయాలన్న తగవు ఎప్పటికీ ఉంటుంది, ఉండాలి కూడా.

ఇక నా వైపు నుంచి ఒక ప్రశ్న. ‘మెలగు’ని నేను ఎక్కువగా ‘జాగ్రత్తగా మెలగు’, ‘వినయంగా మెలగు’ లాంటి చోట్లే విన్నాను. వాటిలో చిన్నవాళ్లు పెద్దవాళ్ల దగ్గర ఒదిగి ఉండాలన్న ఛాయ ఉంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు సమానుల మధ్య కూడా ఈ మాట వాడతారా? అక్కడివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు అన్న వాక్యం అన్నట్టుగానే ఇక్కడ రాయండి.