దీక్ష విరమించిన మరునాడే మందు తాగితే కపటమా? మత సమూహాలకే ఈ నింద ఎందుకు?

ఓరుగల్లు పాఠకుడు:
కార్తీకం మొదలైన దగ్గర నుంచి సంక్రాంతి దాకా మన హనుమకొండ, వరంగల్ వీధుల్లో నల్లబట్టల అయ్యప్ప స్వాములు కనిపిస్తూనే ఉంటారు. మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర మా బంధువుల్లో ఒకాయన, 41 రోజులు చన్నీళ్ల స్నానం చేసి నేల మీద పడుకున్నవాళ్లు మాల తీసిన మరునాడే వైన్స్ ముందు వరుస కడతారని, ఈ భక్తంతా పచ్చి కపటమని తేల్చేశారు. నేను ఒప్పుకోను. దీక్ష తీసుకున్న మనిషి మండలం పాటు తాగనన్నాడు, తాగలేదు. జన్మలో ముట్టనని ఎవరికీ మాట ఇవ్వలేదు. ఒకవేళ మధ్యలో నిగ్రహం తప్పి తాగినా దానిని బలహీనత అనాలి గాని కపటమనకూడదు. తాగి కూడా తాగనట్టు నటిస్తూ పక్కవాడి నియమంలో లోపాలు వెతికేవాడికే ఆ పేరు తగుతుంది. పూర్తిగా ఆచరించలేనివాడు నోరు విప్పకూడదంటే మంచి మాట చెప్పడానికి ఊళ్లో ఒక్కరూ మిగలరు.

హనుమకొండ వకీలు:
పాఠకుడు గారూ, మీరు మందు దగ్గరే ఆగిపోయారు. చూడవలసింది భిక్ష పంక్తి. మాలలో ఉన్నంతకాలం కులం అడగకుండా ప్రతి ఒక్కరినీ 'స్వామి' అని పిలుస్తారు, తొలిసారి మాల వేసుకున్న పదేళ్ల కన్నెస్వామికి సైతం పెద్దవాళ్లు వంగి మొక్కుతారు, ఒకే బంతిలో కూర్చుని తింటారు. అదే మనిషి మాల తీశాక కిరాయికి ఇల్లు అడగడానికి వస్తే తాళం తీయకముందే 'మీరేమోళ్లు?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది గాని, ఆ ప్రశ్నను ఆపలేకపోయింది. తాగితే చెడేది తాగినవాడి ఒళ్లు, మహా అయితే వాడి ఇల్లు. ఇక్కడ మాత్రం తమ మార్గంలో హెచ్చుతగ్గులు లేవని గొప్పగా చెప్పుకునే సమూహం, ఆ సమానత్వానికి గడువు పెట్టి, గడువు తీరగానే తోటి స్వామిని గడప బయట నిలబెడుతోంది. కపటమన్న మాట సమూహానికి అంటుకునేది ఇలాంటి చోటనే.

కాజీపేట జంక్షన్:
మతాలను బయటివారే వేలెత్తి చూపుతున్నారన్నట్టు చర్చ సాగుతోంది. ఈ నింద మొదట వినిపించింది మత గ్రంథాల్లోనే. కర్మేంద్రియాలను అణచిపెట్టి మనసులో విషయసుఖాలనే తలచుకుంటూ కూర్చునేవాడిని గీత మూడో అధ్యాయం మిథ్యాచారి అన్నది. మోయలేని బరువులను ఇతరుల భుజాలకెత్తి, తాము మాత్రం వాటిని వేలితోనైనా కదపని బోధకులను మత్తయి సువార్త 23వ అధ్యాయంలో యేసు దుయ్యబట్టాడు. నలుగురూ చూడాలని నమాజు చేస్తూ, ఇరుగుపొరుగుకు చిన్న సాయం చేయడానికైనా చెయ్యి రానివారికి వినాశం తప్పదని ఖురాన్ 107వ సూరా హెచ్చరించింది. మొదటిది తనను తాను మోసగించుకోవడం, రెండోది తనకొక కొలత ఎదుటివారికొక కొలత, మూడోది ప్రదర్శన. పాఠకుడు గారు మూడోదాన్ని, వకీలు గారు రెండోదాన్ని పట్టుకున్నారు కాబట్టి ఇద్దరి వాదనలూ కలవడం లేదు.

మా ఇళ్ల సంగతి నేనే చెబుతాను. నిఖాలో వరుడు వధువుకు మెహర్ ఇవ్వాలి, అది ఆమె హక్కు. మా దక్కన్ వైపు దానికి ఎదురుగా పిల్ల తండ్రి దగ్గర 'జోడేకీ రఖం' పుచ్చుకునే అలవాటు పాతుకుపోయింది. నిఖానామాలో మెహర్ రాయడానికి గడి ఉంటుంది, రఖం రాయడానికి ఉండదు. అయినా ఆ అంకె షామియానాలో కూర్చున్నవారికి తెలుసు, తరచుగా ఖాజీ సాబుకు కూడా తెలుసు. ప్రసంగం మాత్రం మెహర్ గొప్పతనం మీద సాగుతుంది.

మానుకోట టీచరమ్మ:
నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టాను కాబట్టి మా మీద తరచుగా పడే నింద గురించి ముందు చెబుతాను. చర్చిలో కులం లేదంటారు, రిజర్వేషన్ దగ్గరికి వచ్చేసరికి కులం ఉందంటారు, ఇది కపటం కాదా అని అడుగుతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మతం మారినంత మాత్రాన వాడకట్టు మారదు, పొరుగువారి చూపు మారదు. ఉన్న వివక్షను ఉందని చెప్పడంలో కపటమేమీ లేదు. అయితే పీఠం మీద నిలబడి అందరం ఒకే శరీరమని బోధించి, కొడుక్కు సంబంధం చూసేటప్పుడు సొంత కులం గడప దాటని పాస్టర్ల విషయంలో నేను వాదించను.

సమూహాలకు చెడ్డపేరు వచ్చేది ఒకరి తప్పు వల్ల కన్నా దాన్ని కప్పిపెట్టడం వల్లనే ఎక్కువ. పిల్లలపై లైంగిక అకృత్యాల ఆరోపణలున్న ఫాదర్లను అమెరికాలోని బోస్టన్ అతిమేత్రాసనం (ఆర్చిబిషప్ ఏలుబడిలోని క్యాథలిక్ చర్చి పాలనా విభాగం) ఏళ్ల తరబడి ఒక పారిష్ నుంచి మరో పారిష్‌కు బదిలీ చేస్తూ వచ్చిందని 2002 జనవరిలో అక్కడి బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టింది. ఆ డిసెంబరులోనే కార్డినల్ బెర్నార్డ్ లా ఆర్చిబిషప్ పదవికి రాజీనామా చేయవలసి వచ్చింది. తప్పు చేసినవారు కొందరే. పరువు కోసం పిల్లలను పణంగా పెట్టింది మాత్రం వ్యవస్థ. పరిశుద్ధత గురించి అందరికన్నా గట్టిగా మాట్లాడే వ్యవస్థ కాబట్టే జనానికి అంత కోపం వచ్చింది.

ఓరుగల్లు పాఠకుడు:
బోస్టన్ విషయంలో నాకు అభ్యంతరం లేదు. కట్నం విషయంలోనే ఉంది. ఎర్రజెండా పట్టుకుని ఊరేగి, మంచి ముహూర్తం చూసి గృహప్రవేశం చేసుకునే కామ్రేడ్లు మన జిల్లాలో తక్కువేమీ కాదు, వారి కొడుకులకూ కట్నాలు ముడుతూనే ఉన్నాయి. మరి వారిని ఒక్క మాటా అనరేం?

హనుమకొండ వకీలు:
వారినీ అంటారండీ, మీరు టీకొట్టు దగ్గర నిలబడి వినాలి గాని. కాకపోతే కామ్రేడ్ మీ ఇంటి పెళ్లికి మంత్రం చదవడు, మీ పిల్లకు పాపపుణ్యాలు నిర్ణయించడు. ఎంత అధికారం చెలాయిస్తే అంత లెక్క అడుగుతారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమే. పిల్ల తండ్రి ఠాణాకు వెళ్లడానికి జంకడానికి అదొక కారణం. అటువంటప్పుడు పెళ్లి జరిపించే పెద్దలైనా, పురోహితుడో పాస్టరో ఖాజీయో, తెలిసిన సంగతి గురించి నోరు విప్పాలి గదా.

కాజీపేట జంక్షన్:
వకీలు సాబ్, ఒక్క ఖాజీ అడిగితే ఆ ఇంటివారు ఇంకో ఖాజీని పిలుచుకుంటారు, ఈయన రాబడి పోతుంది. అడగవలసింది మసీదు కమిటీ. రఖం పుచ్చుకున్న పెళ్లికి ఎవరూ నిఖా చదివించకూడదని కమిటీలన్నీ ఒక్కమాట మీదికి వస్తే ఖాజీకి ధైర్యం వస్తుంది. అవి ఆ మాట మీదికి రాకపోవడానికి కారణం కూడా నాకు తెలుసు: కమిటీల్లో కూర్చునేవారిలో ఎక్కువమంది పెళ్లీడు కొడుకులున్న తండ్రులే.